గుంతకు సరిపోని స్టెప్నీ

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నా నోట్లోంచి ముందుగా వచ్చిన మాట, "నీకెవరు చెప్పిండ్రు?" అన్నది.

అవతల ఎల్లమ్మ. రామన్నపేట ఆడపిల్లల హాస్టల్లో అప్పట్లో వంట చేసేది. "వాళ్ల చెల్లె చేసింది టీచర్ ఫోను. పొద్దుగాల పానం పోయిందట" అంది.

"చెల్లెనే చేసిందా? గొంతు గుర్తుపట్టినవా?"

ఎల్లమ్మ ఏడుస్తూనే చిన్నగా నవ్వింది. "మీకు గూడ మేడం గుణమే వచ్చింది టీచర్" అంది.

నిజమే. అది నాకు ఆమె దగ్గర అంటుకున్నదే. రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను తెలుగు టీచరుగా రామన్నపేటకు వెళ్లాను. మా బడి పక్కనే హాస్టల్, దానికి ఆమె వార్డెన్. అందరికీ వార్డెన్ మేడం. నేను ఆ వీధిలోనే కిరాయికుండేదాన్ని. సాయంత్రాలు హాస్టల్ వరండాలో కూర్చుని ఆమెతో టీ తాగడం అలవాటైంది. ఆ టీ కూడా ఆమె ఒక్క గుక్క తాగి, నాలుక మీద ఆపి, "ఏమో, చూడాలె" అన్న తర్వాతే నాకు అందేది.

"ఏమో, చూడాలె." ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అనేదో. అంటూ బొటనవేలితో చూపుడువేలిని రుద్దేది. బట్టల దుకాణంలో చీర అంచు పట్టి చూసేవాళ్లు చేసినట్టు. ఎదుటివాళ్లు ఏదైనా చెబుతుంటే ఆమె చూపు ముఖం మీద ఉండేది కాదు. వాళ్ల చేతుల మీద, కాళ్ల మీద ఉండేది.

బియ్యం వస్తే సంచీ పైన చూసేది కాదు. మోచేతి దాకా చెయ్యి దింపి అడుగు నుంచి పిడికెడు తీసేది. గుడ్లు ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. పాలు తెచ్చేవాడిని ముందు ఒక గ్లాసు తాగమనేది. తాగేటప్పుడు అతని గొంతు కదులుతోందా లేదా అని చూసేది. "నన్ను దొంగను చూసినట్టు చూస్తరు మేడం" అని అతను ఒకరోజు నొచ్చుకున్నాడు. "నిన్నొక్కన్ని కాదు నాయినా, అందరిని గట్లనే చూస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది, ఓదారుస్తున్నట్టు.

ఒకసారి వరండాలోకి తెల్లచొక్కా వేసుకున్న మనిషి వచ్చాడు. ఎనిమిదో తరగతి పిల్ల పేరు చెప్పి, తాను ఆమె మేనమామనని, వాళ్ల అవ్వకు సీరియస్‌గా ఉందని, పిల్లను తీసుకుపోతానని అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. నాకు జాలేసింది. ఆమె వేళ్లు రుద్దుకుంటూ అతని కాళ్ల వైపు చూసింది.

"ఎట్లొచ్చినవ్?"

"బస్సు దిగి, నడుచుకుంట వచ్చిన మేడం. మా ఊరి నుంచి రోడ్డు దాంక గూడ నడకనే."

"రాత్రంత వాన కొట్టింది. మీ ఊరి తొవ్వంత బురదనే ఉంటది. నీ చెప్పులేమో అద్దం లెక్క మెరుస్తున్నయి."

అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "బయట కడుక్కున్న" అన్నాడు.

"కడుక్కుంటె తడి ఉండాలె గద. కూసో. వాళ్ల బాపుకు ఫోన్ చేస్త."

ఆమె లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పిల్లకు మేనమామలే లేరని సాయంత్రానికి తెలిసింది. నేను లేచి వెళ్లి గేటు మూసి వచ్చాను. ఆమె మాత్రం మామూలుగా టీ గ్లాసు అందుకుంది.

ఇలాంటి మనిషి పాత కారు కొంటుందని ఎవరమూ అనుకోలేదు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. కూరగాయలు తెచ్చేవాళ్ల మీద నమ్మకం లేక తానే మార్కెట్‌కు పోవాలని ఆమె ఆలోచన. కొత్త కారుకు ఆమె ఇష్టపడలేదు. "కొత్తదాంట్ల ఏం తక్కువున్నదో ఎవలకు ఎరుక? పాతదాంట్లనైతే కనపడ్తది" అనేది. షాద్‌నగర్ దగ్గర, పెద్దరోడ్డు పక్కన పాత కార్లు వరసగా నిలబెట్టి అమ్మే జాగా ఒకటి ఉంటే అక్కడికి నన్నూ వెంటబెట్టుకుని పోయింది. నేల మీద దుప్పటి పరిచి కారు కిందికి దూరింది. సీట్లు వాసన చూసింది. ఇంజను ఆపి, మళ్లీ స్టార్ట్ చేయించి, మళ్లీ ఆపించింది. అమ్మేవాడు చెమట తుడుచుకుంటూ, "అక్కా, పిల్లనిచ్చేటప్పుడు గూడ ఇన్ని చూడరు" అన్నాడు.

"చూడాలె. చూడకనే గదా ఆడపిల్లల బతుకులు గిట్లున్నయి" అంది.

చివరికి బూడిద రంగు పొడవాటి కారు ఒకటి ఆమెకు నచ్చింది. ఇంటికొచ్చాక మరోసారి అన్నీ విప్పి చూస్తే డిక్కీలో చాప కింద, అట్ట కింద స్టెప్నీ కనబడింది. షాద్‌నగర్‌లో దాని మీద ఏవో సంచులు పడేసి ఉన్నాయి. ఆ చక్రం సన్నగా ఉంది. కారుకున్న నాలుగు చక్రాల పక్కన పెడితే పెద్దవాళ్ల మధ్య పసిపిల్ల నిలబడినట్టుంది.

"గిదేంది? మోపెడ్ టైరా?" అంది.

మెకానిక్ వచ్చి పైనుంచి తొంగి చూశాడు. "కొన్ని కార్లకు గిట్లనే ఇస్తరు మేడం. పంచరైతే షాపు దాంక పోనీకె. స్పీడ్ పోవద్దు, గంతే." నేనూ ఫోన్‌లో వెతికి చూశాను. అలాంటివి ఉన్నాయి. బరువు తగ్గాలని, చోటు మిగలాలని ఇస్తారట. ఆ మాటే ఆమెకు చెప్పాను.

ఆమె డిక్కీలో చెయ్యి పెట్టి, స్టెప్నీకి, అది కూర్చున్న గుంతకు మధ్య ఖాళీని చూపించింది. పిడికిలి అందులో సులువుగా తిరిగింది.

"సన్న టైరే ఇచ్చేటోళ్లయితె గుంత గూడ సన్నగనే చేస్తుండె గద చెల్లె. గింత పెద్ద గుంత ఎందుకు చేసిండ్రు?"

అమ్మినవాడికి ఫోన్ చేస్తే అతను ఒట్టు పెట్టాడు. కంపెనీ నుంచి వచ్చిందే అన్నాడు. ఒట్టు పెట్టడంతో ఆమె అనుమానం మరింత పెరిగింది. పాత చున్నీలు, గోనెసంచులు తెచ్చి స్టెప్నీ చుట్టూ కుక్కింది. అయినా స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వెనక నుంచి దడ్‌మని చప్పుడయ్యేది. ఆమె నా వైపు తల తిప్పేది. "ఇన్నవా?"

"విన్నాను మేడం. మీరు రోడ్డు చూడండి."

రోడ్డు మీద ఆమె ఎవరినీ నమ్మేది కాదు. ముందువాడు ఎడమ లైటు వేస్తే, "లైటు ఏసిండని గటే పోతడని ఏమున్నది?" అని కారు పూర్తిగా ఆపేది. వెనక లారీలు హారన్లు కొట్టేవి. చౌటుప్పల్ పోయి రావడానికి ఒక పూట పట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం బడిలో నాకు కబురొచ్చింది. స్రవంతి అని తొమ్మిదో తరగతి పిల్ల, పొద్దున బడికి రాలేదు. వెళ్లి చూస్తే మంచం మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. వార్డెన్ మేడం పక్కన కూర్చుని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. గుమ్మం దగ్గర నుంచి ఎల్లమ్మ, "రేపు లెక్కల పరీచ్చ ఉన్నది గద మేడం, గందుకే కావచ్చు" అంది.

ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఎల్లమ్మ గుమ్మం వదిలి వెళ్లిపోయింది.

నాకు ఆశ్చర్యమేసింది. గుడ్డును కూడా నమ్మని మనిషి ఆ పిల్లను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నిజంగా నొప్పేనా అని అడగలేదు, ఏం తిన్నావని గద్దించలేదు. "లెవ్వు బిడ్డా, నా మీద వాలు" అని లేపి కారెక్కించింది. రామన్నపేట దవాఖానలో డాక్టరు చెయ్యి పెట్టి చూసి, అపెండిక్స్ కావచ్చు, ఆలస్యం చెయ్యకుండా నల్లగొండకు తీసుకుపొమ్మన్నాడు. మా బండి వాకిట్లోనే ఉంది, దానిలోనే బయల్దేరాం. వెనక సీట్లో నా ఒళ్లో పిల్ల తల. ఆరోజు ఆమె వేగంగా నడిపింది. లైట్లనూ హారన్లనూ పట్టించుకోలేదు.

చిట్యాల ఇంకా రాకముందే బండి ఒక పక్కకు గుంజింది. ముందు టైరు చప్పబడిపోయింది.

ఆమె దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని, జాకీ పెట్టి లేపింది. పానాతో బోల్టులు విప్పి పాత చక్రం లాగేసింది. నేను డిక్కీలోంచి చున్నీలన్నీ తీసి పారేసి ఆ సన్న స్టెప్నీ దొర్లించుకుంటూ తెచ్చాను. ఆమె దాన్ని ఎత్తి బండికి ఆనించింది. తిప్పింది. మళ్లీ తిప్పింది. అది కూర్చోలేదు. కారుకు ఐదు బోల్టులు. ఆ చక్రానికి నాలుగే రంధ్రాలు.

అది ఆ కారుది కాదు. కంపెనీది అంతకన్నా కాదు. ఎక్కడిదో మరో బండిది తెచ్చి గుంతలో పడేసి, అసలుది తీసేసుకున్నారు.

ఆమె మట్టిలోనే కూలబడింది. "అన్ని చూసిన" అంది. "టైరు చూసిన, గుంత చూసిన, ఇన్నొద్దుల సంది చూసుకుంటనే ఉన్న. రంధ్రాలు చూడలే చెల్లె." ఆ గొంతు అంత పలచగా నేనెప్పుడూ వినలేదు. వెనక సీట్లో పిల్ల మూలిగింది.

నేను అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. ఆ లోపలే వెనక నుంచి గొర్రెలను వేసుకుని ఒక చిన్న వ్యాను వచ్చి ఆగింది. నడుపుతున్నది తలకు తువ్వాలు చుట్టుకున్న నడివయసు మనిషి. కారులోకి తొంగిచూసి, "అరె, పిల్లకేమైందమ్మా? ఎక్కుండ్రి, నేను నల్లగొండ మీదికెళ్లే పోతున్న" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. చేతుల మట్టి దులపకుండానే వ్యాను దగ్గరికి వెళ్లింది.

"నీదేవూరు?"

అతను చెప్పాడు.

"ఈ గొర్లు నీయేనా?"

"నాయే. సంతకు తోలుకపోతున్న."

"నోరు తెరువు."

"ఏందమ్మా?"

"తాగినవా లేదా చూడాలె. నోరు తెరువు."

అతను బిత్తరపోయి నోరు తెరిచాడు. ఆమె వాసన చూసింది. లైసెన్సు చూపించమంది. ఫొటో చూసి, అతని ముఖం చూసి, మళ్లీ ఫొటో చూసింది. నాకు ఒళ్లు మండింది. "మేడం, పిల్ల..." అన్నాను. ఆమె చెయ్యెత్తి నన్ను ఆపి, వ్యాను నంబరు ప్లేటును నా ఫోన్‌లో ఫొటో తియ్యమంది. అతను కోప్పడలేదు. "తీసుకోండ్రి, తీసుకోండ్రి. జర జల్ది చెయ్యుండ్రి, పిల్ల ముఖం మంచిగ లేదు" అన్నాడు.

ఆ మాటకు ఆమె వేళ్లు రుద్దుకోవడం ఆపేసింది. పిల్లను ఇద్దరం కలిసి ఎత్తి డ్రైవర్ పక్క సీట్లో పడుకోబెట్టాం. ఇంక అక్కడ చోటు లేదు. ఆమె వెనక చక్రం మీద కాలేసి, గొర్రెల మధ్యకెక్కి, అద్దంలోంచి పిల్ల కనబడేలా కూర్చుంది. "కారు కాడ ఉండు చెల్లె, అంబులెన్సోళ్లకు చెప్పు, వద్దని" అని అరిచింది. గొర్రెల వీపుల మధ్య ఆమె నెరిసిన తల ఊగుతూ దూరమైంది.

నేను అంబులెన్స్ వాళ్లకు వద్దని చెప్పి, కారుకు తాళం వేసి, ఆటో పట్టుకుని నల్లగొండ దవాఖాన చేరేసరికి పిల్లను లోపలికి తీసుకెళ్లారు. ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. చీర నిండా గొర్రె బొచ్చు. ఎదురుగా గోడకానుకుని ఆ వ్యాను మనిషి నిలబడి ఉన్నాడు. ఆమె అతన్ని కళ్లార్పకుండా చూస్తోంది.

"నువ్వింక పోలేదా? ఎందుకున్నవ్?" అని నా ముందే అడిగింది.

"పిల్లకు ఎట్లున్నదో ఎరుకైతె పోదామని."

"సంత అయిపోతది గద."

"అయితది. మల్లొక వారం ఉంటది కద అమ్మా."

ఆమె లేచి వెళ్లి, గేటు బయట టీ కొట్టు నుంచి మూడు గ్లాసులు తెచ్చింది. ముందు అతనికిచ్చింది. తన గ్లాసు ఆమె రుచి చూడకుండానే తాగేసింది.

అతను కొంచెం దూరం వెళ్లి గొర్రెలకు నీళ్లు పెడుతున్నప్పుడు, నేను అడగకుండానే ఆమె చెప్పింది. "నేను గూడ హాస్టల్‌లనే చదువుకున్న చెల్లె. మా ఇంట్ల తిండి లేక. నా పక్క చాప మీద ఒకతె పండుకుంటుండె. కడుపు నొస్తున్నదని ఏడిస్తే మా వార్డెన్, బడి ఎగ్గొట్టనీకె నాటకాలు అన్నది. మూలకు నిలవెట్టింది. తెల్లారేవరకు చచ్చిపోయింది." చీర మీది గొర్రె బొచ్చు ఏరి పారేసింది. "నేను అందరిని అనుమానిస్త. నాకు ఎరుకనే. నన్ను ఏమనుకుంటరో గూడ ఎరుకనే. పిల్ల నొస్తున్నదంటె మాత్రం నమ్ముత. అబద్ధమైతె అయ్యింది. ఒక పూట పెట్రోలు పోతది, గంతే."

డాక్టరు బయటికొచ్చి, ఆపరేషన్ అయిందని, ఇంకాస్త ఆలస్యమైతే లోపల పగిలేదని చెప్పింది. ఆమె డాక్టరు చేతుల వైపు చూసింది. తర్వాత ముఖం వైపు చూసింది. "ఏమో, చూడాలె" అని అలవాటుగా అంటుందేమో అనుకున్నాను. అనలేదు. చెంగుతో ముఖం కప్పుకుంది.

పిల్ల కోలుకుని హాస్టల్‌కు వచ్చాక, మేమిద్దరం షాద్‌నగర్ వెళ్లాం. పంచరైన చక్రం అప్పటికే బాగుచేయించి బండికి వేశాం. డిక్కీలో ఆ సన్న స్టెప్నీ. అమ్మినవాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆమె అతని ముఖం చూడకుండా వరసలోని మొదటి కారు దగ్గరికి వెళ్లి, "డిక్కీ తెరువు" అంది.

"ఎందుకక్కా?"

"కొంటనేమో. తెరువు."

ఒక్కొక్క కారు డిక్కీ తెరిపించింది. ప్రతిసారీ వంగి, అట్ట లేపి, రంధ్రాలు లెక్కపెట్టింది. కొందామని వచ్చిన వాళ్లు కూడా ఆమె వెనకే తిరగడం మొదలుపెట్టారు. చివరి వరసలో, తెల్ల కారు డిక్కీలో మా కారు చక్రాల పోలికే ఉన్న చక్రం ఒకటి దొరికింది. ఐదు రంధ్రాలు. దాని గుంతలో అది పట్టక సగం పైకి లేచి ఉంది.

"ఇది నాది" అంది.

"నాకు తెల్వదక్కా. పనోళ్లు ఎవలో మార్చి ఉంటరు."

"ఒట్టు వెట్టినవ్ ఆరోజు. నీ పిల్లల మీద వెట్టినవ్. ఆ స్టెప్నీ పట్టక ఒక పిల్ల రోడ్డు మీద చచ్చిపోతుండె. ఇంకా పెడ్తవా ఒట్టు?"

చుట్టూ నిలబడినవాళ్లు అతని వైపే చూస్తున్నారు. అతను వంగి ఆ చక్రం తీసి మా డిక్కీలో పెట్టాడు. గుంతలో అది కదలకుండా కూర్చుంది. తర్వాత సన్న స్టెప్నీ కోసం చెయ్యి చాపాడు.

"ఇది ఇయ్య" అంది ఆమె.

"అది మీది కాదు గద అక్కా."

"ఎవలదో తెచ్చి చూపియ్యి, వాళ్లకిస్త. నీకిస్తె రేపు ఇంకెవల డిక్కీలనో పడ్తది."

దాన్ని అలాగే రామన్నపేటకు తెచ్చింది. మేస్త్రీని పిలిచి, రిమ్ము మధ్యలో ఇనుప పైపు నిలబెట్టించి, చుట్టూ సిమెంటు పోయించింది. అది హాస్టల్ ఆవరణలో వాలీబాల్ నెట్‌కు ఒక వైపు స్తంభమైంది. అంతకుముందు పిల్లలు కిటికీ ఊచకు తాడు కట్టి ఆడేవాళ్లు. సిమెంటు ఆరాక ఆమె స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. మేస్త్రీ నొచ్చుకున్నాడు.

మరో రెండేళ్లకు ఆమె రిటైరై, కోస్గి దగ్గర వాళ్ల ఊరికి, చెల్లెలి ఇంటి పక్కకు వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఆమెను చూసింది ఒక్కసారే. సీతాఫలాల కాలం. ఆదివారం పొద్దున కారేసుకుని, వెనక సీటు నిండా పండ్ల గంపలతో మా ఇంటి ముందు దిగింది. "పిల్లలకు ఇచ్చొద్దాం, రా" అంది. ఇద్దరం నడుచుకుంటూ హాస్టల్‌కు వెళ్లాం, ఒక గంప మా ఇద్దరి మధ్య.

గేటు దగ్గర కొత్త మనిషి. వయసులో చిన్నది. మేడం ఎవరో ఆమెకు తెలియదు. గేటు కొంచెమే తెరిచి, సందులోంచి అడిగింది. "ఎవలమ్మా? ఏం పని?"

"నేను ఇక్కడ వార్డెన్‌గ చేసిన. పిల్లలకు పండ్లు తెచ్చిన."

"ఆగుండ్రి. మేడంను అడుగుత." ఫోన్ చేసింది. కొత్త వార్డెన్ ఏదో పనిలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. "ఎత్తుతలేరు. లోపలికి పంప."

నేను ముందుకెళ్లి, నేను ఈ బడి టీచర్నని, ఈమె ఎవరో నాకు తెలుసని చెప్పబోయాను. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నా వయసు చూడు, ముఖం చూడు బిడ్డా. నా మీద గూడ అనుమానమేనా?" అని గేటు మనిషిని అడిగింది.

"మీ మీద అని కాదమ్మా. లోపల ఆడపిల్లలున్నరు."

"సరే. పండ్లన్న తీసుకో."

"బయటి తిండి తీసుకోవద్దన్నరు. తప్పనుకోకుండ్రి."

మేడం ఆ గేటు పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. చేతులూ కాళ్లూ కాదు, ముఖంలోకే. తర్వాత ఆమె పెదవుల మీదికి వచ్చిన నవ్వు, నేను అన్నేళ్లలో ఎప్పుడూ చూడనిది.

"మంచిది బిడ్డా. గేటు ముయ్యి."

గేటు మూసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడైంది. ఆమె గంప కింద పెట్టి, గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని, బయట నుంచి ఒక్కసారి గట్టిగా గుంజి చూసింది.

అది కదల్లేదు. ఆమె గంప ఎత్తుకుని వెనుదిరిగింది.